ఒకే కబురు మూడు దారుల్లో ఎందుకు పంపుతున్నాం

“ఒకే కబురు మూడు తూర్లు యాల పంపిస్తారప్పా?” అని గౌనిపల్లి ఇళ్లలోనూ, ఇక్కడినుంచి వెళ్లి బెంగళూరులో ఉంటున్న ఇళ్లలోనూ అడుగుతున్నారు. వాట్సాప్‌లో ఒకసారి వచ్చింది, ఎస్సెమ్మెస్‌గా మళ్లీ వచ్చింది, అదే మాట కన్నడ లిపిలో ఇంకోసారి వచ్చిందని వారి ఫిర్యాదు. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలది ఇంకో మాట. “మా ఆఫీసులో వాడే యాప్ పెట్టుకోండి తాతా, ఒక్కసారి నొక్కితే అందరికీ పోతుంది” అంటున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే సంఘం ఏ దారిని ఎందుకు వాడుతోందో, దేన్ని ఎందుకు వాడడం లేదో వివరంగా రాస్తున్నాం.

ముందు ఆఫీసు యాప్ సంగతి. టీమ్స్, స్లాక్ లాంటివి ఒకే సంస్థలో పనిచేసేవాళ్ల కోసం తయారైనవి. అందులో పంపిన సందేశం ఫోన్ నంబరుకు పోదు, ఖాతాకు పోతుంది. కంపెనీ ఇచ్చిన ఖాతా ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. స్లాక్‌లో నేరుగా రాసుకునే సంభాషణలో మనతో కలిపి తొమ్మిది మందికి మించి చేర్చలేం, ఆపైన ఛానెల్ పెట్టుకోవాల్సిందే. టీమ్స్‌లో ఒక చాట్‌లో 250 మంది దాకా పడతారు. అంకె పెద్దదే, కానీ రాయల్పాడు దారిలో మామిడితోట కాసుకునే పెద్దాయనకు ఆ ఖాతా ఎవరిస్తారు? పైగా అక్కడ రాసింది కంపెనీ సొత్తు కింద లెక్క. మన ఇళ్లలో పెళ్లి మాటలు, చావు కబుర్లు అక్కడ పెట్టడం మాకు సమ్మతం కాదు.

ఆఫీసు గోడ దాటి ఫోన్ నంబరుతోనే అందరినీ కలిపే యాప్ ఒకటి వచ్చింది, దాని కథ తెలుగువాళ్లకు తెలిసినదే. మైక్రోసాఫ్ట్ వాళ్ల కైజాలా. 2017 జులైలో మన దేశంలో విడుదల చేశారు. నెట్ సరిగా లేని చోట్ల కూడా పనిచేసేలా తయారుచేశారు, ఒక్క సందేశంతో పాటు హాజరు, సర్వే, ఫొటో అన్నీ పంపుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన శాఖల సిబ్బంది కోసం దాన్ని విరివిగా వాడింది. మన పొలిమేర అవతల, మదనపల్లి వైపు బంధువులున్నవాళ్లు ఆ పేరు వినే ఉంటారు. అంత పెద్ద కంపెనీ, అంత పెద్ద వాడకం. అయినా 2023 ఆగస్టు 31తో దాన్ని మూసేశారు, టీమ్స్‌కు మారమన్నారు. మన దేశంలోనే పుట్టిన హైక్ అనే మెసెంజర్ కూడా 2021 జనవరిలో మూతపడింది. యాప్‌లోనే జాబితా ఉంచుకుంటే యాప్‌తో పాటే జాబితా పోతుంది. ఇది తెలిశాకే మేము నంబర్లన్నీ పాత పద్ధతిలో రూళ్ల పుస్తకంలో రాయడం మొదలుపెట్టాం.

మేము గుమాస్తా పనిలో ఉన్న రోజుల్లో ఒకే మాట పదిమందికి చెప్పడానికి సర్క్యులర్ ఉండేది. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మిషన్ మీద తిప్పి, ఒక్కో కాపీ ఒక్కొక్కరికి పంపి, తపాలా పుస్తకంలో సంతకం తీసుకునేవాళ్లం. నాలుగైదు కాపీలే అయితే టైపు మిషన్‌లో కార్బన్ పెట్టేవాళ్లం. ఇప్పటి ఈమెయిల్‌లో కనిపించే ‘సీసీ’ ఆ కార్బన్ కాపీయే. కింద ‘నకలు’ అని రాసి, ఎవరెవరికి పోయిందో పేర్లు చూపిస్తే సీసీ. చూపించకుండా పంపితే బీసీసీ. ఈ తేడా గుర్తుంటే వాట్సాప్‌లో గ్రూపుకూ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకూ తేడా పట్టుకోవడం సులభం.

గ్రూపు అంటే రచ్చకట్ట. అందరూ అందరినీ చూస్తారు, అందరి నంబర్లూ అందరికీ తెలుస్తాయి, ఎవరైనా నోరెత్తవచ్చు. ఇప్పుడు ఒక గ్రూపులో 1024 మంది దాకా చేర్చుకోవచ్చు. మాటలు ఎక్కువైతే అడ్మిన్‌లు మాత్రమే రాసేలా కట్టడి చేయవచ్చు, మన సంఘం గ్రూపు అలాగే ఉంది. అయినా నంబర్లు బయటపడే చిక్కు తీరదు. కూతుళ్ల, కోడళ్ల నంబర్లు వందమంది చేతుల్లో పడడం ఇష్టంలేక పేరు తీయమన్న ఇళ్లున్నాయి. అలా అడిగినవాళ్లను మేము ఎప్పుడూ ఎందుకని అడగలేదు. తమను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో నిర్ణయించుకునే వీలు వాట్సాప్ 2019లో ఇచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ అన్నచోట ‘మై కాంటాక్ట్స్’ అని పెట్టుకోండి. పెద్దవాళ్ల ఫోన్లలో మనవళ్లు ఈ పని చేసిపెడితే మంచిది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు సైక్లోస్టైల్ సర్క్యులర్ లాంటిది. ఒక లిస్టులో 256 మంది దాకా. ఎవరి సందేశం వాళ్లకే విడిగా వస్తుంది, పక్కవాళ్ల పేరు కనిపించదు, జవాబిస్తే మాకొక్కరికే వస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. సంఘం నంబరును మీరు మీ ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటేనే ఆ సందేశం మీకు చేరుతుంది. “మాకు చెప్పలేదు” అని నిష్ఠూరమాడే ఇళ్లలో ఎక్కువసార్లు బయటపడేది ఇదే. కొత్త ఫోన్ కొంటారు, పాత నంబర్లు కొన్ని పోతాయి, అందులో సంఘం నంబరూ ఉంటుంది. మేము పంపుతూనే ఉంటాం, మా ఫోన్‌లో ఒకటే టిక్కు, అటు ఏమీ ఉండదు.

ఇక ఎస్సెమ్మెస్. ఇది పాతబడిందని తీసిపారేయకండి. వాట్సాప్ పనిచేయని చిన్న ఫోన్లు మన ఊళ్లలో ఇంకా చాలా ఉన్నాయి, నెట్ ప్యాకేజీ అయిపోయిన పెద్ద ఫోన్లూ ఉంటాయి. వాటికి ఎస్సెమ్మెస్ ఒక్కటే చేరుతుంది. రాత్రి ఎవరో పోయారు, పొద్దున్నే ఎత్తుబడి అన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నెట్ లేదని కడసారి చూపు దక్కకపోవడం ఏ ఇంటికీ రాకూడదు.

మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో పోయింది, క్రిస్మస్ శుభాకాంక్షలు అని. దానికి ఏడేళ్ల ముందే 1985లో జర్మనీకి చెందిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైపు మిషన్ ముందు కూర్చుని ఏవేవో వాక్యాలు కొట్టి, అక్షరాలు లెక్కపెట్టి, పోస్టుకార్డులు కూడా చూసి, మామూలు మాటకు 160 అక్షరాలు చాలునని తేల్చాడు. టైపు మిషన్ మీద లెక్కపెట్టాడని చదివినప్పుడు మాకు కాస్త గర్వంగానే అనిపించింది. అయితే ఆ 160 ఇంగ్లీషు అక్షరాల లెక్క. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 చొప్పున 160 వస్తాయి. తెలుగుకు, కన్నడానికి ఒక్కో గుర్తుకు 16 పోతాయి, కాబట్టి 70 మాత్రమే. సందేశం అంతకు మించితే ముక్కలవుతుంది, ముక్కకు 67 మాత్రమే మిగులుతాయి, ఎందుకంటే ఏ ముక్క ముందో ఏది వెనకో చెప్పడానికి కొంత చోటు పోతుంది. ఇంగ్లీషు సందేశంలో ఒక్క తెలుగు అక్షరం పడినా, రూపాయి గుర్తు పడినా, మొత్తం సందేశం 70 లెక్కలోకి దిగిపోతుంది.

ఇంకో సంగతి. మన కంటికి కనిపించే అక్షరాన్ని ఫోన్ అలా లెక్కపెట్టదు. అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, వత్తు కింద పొల్లు, సున్న, అన్నీ విడివిడిగా లెక్కే. ‘శ్రీ’ మనకు ఒకటి, ఫోనుకు నాలుగు. ‘స్వాతంత్ర్యం’ మనకు మూడక్షరాలు, ఫోనుకు పన్నెండు. గౌనిపల్లికి తొమ్మిది, శ్రీనివాసపురానికి పదమూడు. పాత అలవాటుతో “గౌరవనీయులైన సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా” అని మొదలుపెడితే అక్కడికే 43 అయిపోతాయి, మర్యాద ముగిసేసరికి విషయానికి 27 మిగులుతాయి. అందుకే ఇప్పుడు సంఘం ఎస్సెమ్మెస్ ఇలా వస్తోంది: “ఆదివారం ఉదయం 10 గంటలకు సభ. గౌనిపల్లి. తప్పక రండి.” ఇందులో 49. ‘గారు’ లేదు, ‘నమస్కారం’ లేదు అని ఎవరూ మనసులో పెట్టుకోవద్దు.

మీలో ఎవరైనా ఇంటి ఫంక్షన్‌కు పదిమందికి ఒకేసారి ఎస్సెమ్మెస్ పంపాలనుకుంటే ఫోన్‌లో ఒకటి చూసుకోండి. గూగుల్ మెసేజెస్ యాప్‌లో సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, గ్రూప్ మెసేజింగ్ అని ఉంటుంది. అక్కడ అందరికీ ఎస్సెమ్మెస్ పోయి జవాబులు విడివిడిగా వచ్చే రకాన్ని ఎంచుకోవాలి. రెండో రకం ఎమ్మెమ్మెస్‌గా పోతుంది, దానికి డబ్బు వేరుగా పడవచ్చు, చిన్న ఫోన్లలో తెరుచుకోకపోవచ్చు. పూర్వం పండుగ రోజుల్లో ఎస్సెమ్మెస్ ప్యాక్ పనిచేయక ఒక్కో శుభాకాంక్షకు రూపాయి పోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఆ బాధ లేదు.

“బ్యాంకుల మాదిరిగా సంఘం పేరుతోనే పంపవచ్చు కదా” అని కూడా అడిగారు. దానికి ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలున్నాయి. సంస్థ పేరు, పంపేవారి పేరుగా కనిపించే అక్షరాలు, పంపబోయే సందేశం నమూనా, అన్నీ ముందుగా టెలికాం కంపెనీల దగ్గర నమోదు కావాలి. దీన్నే డీఎల్‌టీ అంటారు. నమూనాతో సరిపోలని సందేశాన్ని మధ్యలోనే ఆపేస్తారు. 2021 మార్చి 8న ఈ తనిఖీ గట్టిగా మొదలుపెట్టిన రోజు బ్యాంకుల ఓటీపీలే జనానికి అందక, వారం పాటు దాన్ని నిలిపివేయాల్సి వచ్చింది. సభకు ఒక నమూనా, పెళ్లికి ఒకటి, చావుకు ఒకటి నమోదు చేయించుకునే ఓపిక, ఖర్చు మన సంఘానికి లేవు. ఆఫీసు యాప్‌ల నుంచి మామూలు ఫోన్లకు ఎస్సెమ్మెస్‌లు గుంపుగా పంపే సేవలు కూడా మన దేశంలో ఈ దారిలోనే పోవాలి. సొంత నంబరు నుంచి అమ్మకం, ప్రచారం సందేశాలు పంపకూడదు, వస్తే 1909కు ఫిర్యాదు చేయవచ్చు. మేము పంపేది నంబరు ఇచ్చి, పంపమని చెప్పిన ఇళ్లకే, సంఘం కబురే. వ్యాపారం చేసే మిత్రులు తమ ప్రకటన కూడా చేర్చమంటే ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

గుంపు సందేశాలంటే ప్రభుత్వానికి ఎందుకంత జాగ్రత్త అంటే, బెంగళూరులో ఉన్నవాళ్లు 2012 ఆగస్టును గుర్తు చేసుకోండి. ఈశాన్య రాష్ట్రాలవాళ్ల మీద దాడులు జరుగుతాయని ఫోన్లలో పుకార్లు పాకి, వేలమంది రాత్రికి రాత్రి స్టేషన్‌కు చేరి గువాహటి రైళ్లు ఎక్కారు. అప్పుడు కేంద్రం దేశమంతా ఒక్కసారి ఐదుకు మించి ఎస్సెమ్మెస్‌లు పంపకుండా కొన్నాళ్లు ఆపింది. తర్వాత 2018లో పుకార్ల వల్ల ప్రాణాలు పోయినప్పుడు వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదింటికి కుదించింది. సంఘం గ్రూపులో ఫార్వర్డ్‌లు వద్దని మేము మొండికేసేది ఇందుకే. కొందరికి కోపం వచ్చినా సరే.

ఇప్పుడు మూడో దారి, కన్నడ లిపి. మన ఇళ్లలో మాట తెలుగు, బడి కన్నడం. గౌనిపల్లిలో పుట్టి పెరిగినవాళ్లలో తెలుగు చక్కగా మాట్లాడుతూ, తెలుగు అక్షరం చదవలేనివాళ్లు ఎంతమందో మీకే తెలుసు. వాళ్లకు తెలుగు లిపిలో పంపితే కబురు చేరినట్టు కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే ముసలివాళ్లకు అర్థం కాదు, ‘కల’, ‘కాల’, ‘కళ’ అన్నీ ఒకటే అయిపోతాయి. తెలుగు మాటనే కన్నడ లిపిలో రాస్తే మాత్రం ఇల్లంతా చదువుతుంది. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. కంప్యూటర్‌లో కూడా యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన 128 గళ్లు అయిపోయిన వెంటనే కన్నడానికి 128 గళ్లు మొదలవుతాయి, చాలా మట్టుకు అదే వరుసలో. అందుకే ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చడం యంత్రానికి చాలా తేలిక. అక్షరముఖ అనే ఉచిత సాధనంలో తెలుగులో అతికిస్తే కన్నడ లిపిలో ఇస్తుంది. భాష మారదు, అక్షరమే మారుతుంది. తెలుగు సంఘం కన్నడ లిపిలో రాయడమేమిటని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. పిల్లలకు తెలుగు అక్షరం నేర్పాలన్నది మా కోరిక కూడా. కానీ వాళ్లు నేర్చుకునేదాకా కబురు ఆపలేం కదా.

ఈ మూడు దారులకూ త్వరలో ఒక పెద్ద పని ఉంది. 2027 ఫిబ్రవరిలో జరగాల్సిన జనగణనలో ఇంటికి వచ్చినవాళ్లు మాతృభాష అడుగుతారు. కన్నడం చదువుకున్నాం కాబట్టి కన్నడం అని చెప్పేద్దాం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. మాతృభాష వేరే ప్రశ్న, తెలిసిన ఇతర భాషలు వేరే ప్రశ్న. 2011లోనూ అలాగే అడిగారు. కన్నడాన్ని రెండోదాంట్లో గౌరవంగా చెప్పుకోవచ్చు. అప్పుడు మేము పంపబోయే ఎస్సెమ్మెస్ ఇప్పుడే రాసి పెట్టుకున్నాం: “జనగణనలో మాతృభాష అడిగితే ఇంట్లో మాట్లాడే భాష చెప్పండి.” లెక్కకు 53. ఇది చిన్న ఫోన్ ఉన్న ఇంటికి ముందు చేరాలి, ఎందుకంటే ఆ వేళకు ఇంట్లో ఉండి జవాబు చెప్పేది ఎక్కువగా ఆ పెద్దవాళ్లే.

అందుకని మా రూళ్ల పుస్తకంలో ఇప్పుడు ఇంటికి ఒక వరుస. ఇంటి పెద్ద పేరు, వీధి, రెండు నంబర్లు, అందులో ఒకటి ఊళ్లోనే ఉండేవాళ్లది, వాట్సాపా ఎస్సెమ్మెస్సా, తెలుగు లిపా కన్నడ లిపా. ఫోనే లేని ఇంటికి పక్కింటివారి పేరు. ఒక్క దారి చాలు అనేవాళ్లు ఏదో చెప్పండి, మిగతా రెండూ ఆపేస్తాం. గ్రూపు వద్దు, విడిగా పంపండి అన్నా సరే. నంబరు మారినవాళ్లు పాత నంబరు కూడా చెప్తే కొట్టివేయడానికి వీలవుతుంది, లేకపోతే ఆ నంబరు తీసుకున్న ఏ కొత్తవారికో మన చావు కబుర్లు పోతుంటాయి. వాట్సాప్ కోరుకునేవాళ్లు సంఘం నంబరును ముందు సేవ్ చేసుకుని, ఆ తర్వాత ఆ నంబరుకు మీ పేరు, వీధి రాసి పంపండి. చిన్న ఫోన్ వాళ్లు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మేమే తిరిగి చేసి రాసుకుంటాం.