ఫ్రిజ్ నాబ్ మీద 4 అంటే 4 డిగ్రీలు కాదు!

ఫోన్ మరీ వేడెక్కితే స్క్రీన్ మీద వార్నింగ్ వస్తుంది. మరి ఫ్రిజ్ లోపల 10 డిగ్రీలకు చేరితే? చాలా సింగిల్ డోర్ మోడళ్లకు డిస్‌ప్లేనే ఉండదు. లైటు వెలుగుతోంది, బాటిల్ చల్లగా తగులుతోంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఎండాకాలంలో ఈ ధీమా పనికిరాదు. కియా ప్లాంట్‌లోనో, దాని అనుబంధ కంపెనీల్లోనో పనిచేస్తూ రూముల్లో ఉండేవాళ్లు ఆదివారం వండిన చికెన్‌ని మూడు రోజులు లాగించేస్తుంటారు. ఆ కూర ఎంత సేఫ్ అనేది ఫ్రిజ్ టెంపరేచర్‌ని బట్టే ఉంటుంది.

టార్గెట్ ఎంత?
ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 డిగ్రీల లోపు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. 5 లోపు కూడా పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుందంతే. లిస్టీరియా అయితే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. గర్భిణులకు అది చాలా ప్రమాదం. వాసన చూసి తేల్చేద్దాం అనుకోవద్దు, జబ్బు చేసే బ్యాక్టీరియా ఉన్నా వాసన మారకపోవచ్చు. ఫ్రీజర్‌కి టార్గెట్ మైనస్ 18.

నాబ్ కథ
నాబ్ మీద అంకెలు కూలింగ్ లెవెల్స్ మాత్రమే. మామూలుగా అంకె పెరిగితే చలి పెరుగుతుంది. అసలు డిగ్రీలు తెలియాలంటే థర్మామీటర్ ఒక్కటే దారి. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. గ్లాసు నీళ్లలో దాన్ని ఉంచి మధ్య షెల్ఫ్‌లో పెట్టండి, పొద్దున్నే చూడండి. 5 దాటితే నాబ్ ఒక అంకె పెంచి మళ్లీ టెస్ట్ చేయండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ పైభాగం వేడినే చూపిస్తుంది, దీనికి సరిపోదు. అత్యధిక, అత్యల్ప రీడింగ్ గుర్తుపెట్టుకునే డిజిటల్ మోడల్ అయితే ఇంకా మంచిది.

కరెంటు పోతే?
'ఇన్వర్టర్ కంప్రెసర్' అని రాసి ఉంటే కరెంటు పోయినా ఫ్రిజ్ నడుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు! అది కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే టెక్నాలజీ, బ్యాటరీ కాదు. డోర్ తీయకుండా ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చలి కాపాడుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు.

రూముకి తాళం వేసి ఊరెళ్తున్నారా? చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే వదిలేయండి. తిరిగొచ్చేసరికి బిళ్ల మునిగి ఉంటే మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు అందులోని మాంసం పారేయడమే మేలు.

ఈ రోజే చేయండి
- డోర్‌లో చలి తక్కువ. పాలు లోపలి షెల్ఫ్‌కి మార్చండి.
- పచ్చి మాంసం డబ్బాలో మూతపెట్టి కింది షెల్ఫ్‌లో ఉంచండి.
- వండినవి 2 గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. వంటగది 32 డిగ్రీలు దాటితే గంటలోనే. మన ఏప్రిల్, మే నెలల్లో దాటడం మామూలే.
- అన్నం, పప్పు పెద్ద గిన్నెలో కాకుండా వెడల్పాటి చిన్న గిన్నెల్లో పెడితే త్వరగా చల్లారతాయి.

కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు లీటర్లు, స్టార్లు చూడటం మామూలే. దాంతో పాటు ఒక థర్మామీటర్ కూడా కార్ట్‌లో వేసుకోండి.