గుండెకు మాత్ర... చక్కెరపై ఓ కన్ను!

బోరబండలో ఎంఎంటీఎస్‌ ఎక్కితే తర్వాతి స్టేషన్‌ హైటెక్‌ సిటీ. అక్కడి కొలువులు చాలావరకు కుర్చీలోనే! కదలిక తగ్గితే కొలెస్ట్రాల్‌తో పాటు చక్కెరా పెరగొచ్చు. పైగా కొలెస్ట్రాల్‌ తగ్గించే స్టాటిన్‌ మాత్రలు కొందరిలో చక్కెరను కాస్త పెంచుతాయి.

2010లో ‘లాన్సెట్‌’ పత్రికలో 91,140 మందిపై విశ్లేషణ వచ్చింది. 255 మంది నాలుగేళ్లు మాత్ర వాడితే అదనంగా ఒకరికి మధుమేహం వస్తుందని తేలింది. 2012లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ సంగతిని మందు లేబుల్‌పై చేర్పించింది. ముప్పు ఎక్కువగా మధుమేహం అంచున ఉన్నవారికే. డోసు పెరిగితే అదీ పెరుగుతుంది.

అలాగని మాత్ర మానేయొచ్చా? వద్దు. అవసరమైనవారికి గుండెపోటు, పక్షవాతం నుంచి దక్కే రక్షణే ఎక్కువ. చక్కెర అంచున ఉంటే హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి డాక్టరును అడగండి. రోజూ అరగంట నడవండి... గుండెకూ మేలు, చక్కెరకూ కళ్లెం!