మీకు తెలుసా? పిడుగు పడకపోయినా పేలే సర్జ్ అరెస్టర్

ఫిన్లండ్‌లో పల్లెలకు కరెంటు మోసే 20 కేవీ లైన్లలో చాలా వాటికి న్యూట్రల్‌ను భూమికి కలపరు. అక్కడిది రాతినేల, ఎర్తింగ్ సరిగా కుదరదు. ఫాల్ట్ కరెంటు ఎక్కువైతే స్తంభాన్ని ముట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. న్యూట్రల్‌ను విడిగా ఉంచితే ఆ కరెంటు బాగా తగ్గుతుంది.

కానీ దాని భారం, పిడుగు దెబ్బ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడే సర్జ్ అరెస్టర్ మీద పడుతుంది.

మామూలప్పుడు ఒక్కో ఫేజ్‌కూ భూమికీ మధ్య ఉండే వోల్టేజీ 11.5 కేవీ. ఒక తీగ తెగి నేలను తాకిందా, మిగతా రెండు ఫేజ్‌ల మీద అది 1.73 రెట్లు పెరిగి 20 కేవీ అవుతుంది. ఇలాంటి వ్యవస్థలున్న కొన్ని ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి ఆగకూడదని ఫాల్ట్‌తోనే గంటల తరబడి లైను నడుపుతారు. అరెస్టర్ లోపలి జింక్ ఆక్సైడ్ బిళ్లలు పిడుగు దెబ్బను మైక్రోసెకన్లలో భూమిలోకి దింపగలవు కానీ, పరిమితి దాటిన వోల్టేజీని అంతసేపు మోయలేవు. వేడెక్కిన కొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి అరెస్టర్ పగిలిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో 11 కేవీ లైన్ల న్యూట్రల్ సబ్‌స్టేషన్‌లో భూమికి కలిసి ఉంటుంది కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 9 కేవీ అరెస్టర్ సరిపోతుంది. న్యూట్రల్ కలపని 11 కేవీ వ్యవస్థలో, ఫాల్ట్‌ను వెంటనే తొలగించకపోతే, గరిష్ఠ లైన్ వోల్టేజీ 12 కేవీని నిరంతరం భరించేదే కావాలి.

రేటింగ్ పెరిగితే పిడుగు వేళ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే వోల్టేజీ కూడా పెరుగుతుంది. అందుకే అరెస్టర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్ పక్కనే, వీలైనంత పొట్టి తీగతో బిగించాలి.