రౌతు కొద్దీ గుర్రం
సాధు గుర్రం చులకన కాదు.. మొండి గుర్రం శత్రువు కాదు

పాడేరు: రోడ్డు ఆగిపోయిన చోట గుర్రం నడక మొదలవుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు, జి.మాడుగుల, హుకుంపేట మండలాల్లోని కొండ గ్రామాల వారికి ఈ మాట కొత్త కాదు. కాఫీ, మిరియాల బస్తాలు సంతకు దించాలన్నా, బియ్యం, ఉప్పు, నూనె ఇంటికి చేర్చాలన్నా బాట లేని గూడేల్లో పొట్టి గుర్రమే గిరిజనులకు బండి. కొండపై బడికి ఉపాధ్యాయులు గుర్రమెక్కి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి చోట గుర్రం గుణం తెలుసుకోవడం సరదా వ్యవహారం కాదు. ఒకవైపు కొండ, మరోవైపు లోయ ఉన్న కాలిబాటలో అది బెదిరితే రౌతు ప్రాణానికే ముప్పు.

సాధారణంగా గుర్రాలను రెండు రకాలుగా చెప్పుకుంటారు. చెప్పినట్టు నడుచుకునే సాధు గుర్రం ఒకటి. అడుగడుగునా రౌతును పరీక్షించే మొండి గుర్రం మరొకటి. చూసేవారి కళ్లన్నీ రెండో దానిమీదే ఉంటాయి. దానిని లొంగదీసినవాడికే మెప్పు దక్కుతుంది. మొదటిదాన్ని మాత్రం ‘దానికేముంది, పిల్లాడైనా ఎక్కుతాడు’ అని తేలిగ్గా తీసేస్తారు. నిజానికి ఒక గుర్రానికి అంతకు మించిన కితాబు లేదు. అలాగే మొండిదని పేరుపడిన ప్రతి గుర్రమూ మొండిది కాదు.

బెదురు పుట్టుకతో వచ్చిందే

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. ఆపద నుంచి తప్పించుకునేందుకు ప్రకృతి దానికిచ్చిన ప్రధాన ఆయుధం పరుగే. ముందు దూరంగా పారిపోవడం, ఆ తరువాతే వెనుదిరిగి ఏమిటని చూడటం దాని నైజం. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల మెడ తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదుట కొంత భాగం, తోక వెనుక భాగం మాత్రం దాని చూపుకు అందవు. వెనుక నుంచి సడి లేకుండా వచ్చి చేయి వేస్తే అది కాలు విసురుతుంది. అది పొగరు కాదు, భయం. అందుకే ఎడమ భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ దగ్గరకు వెళ్లాలని పెద్దలు చెబుతారు.

ఇంతటి బెదురు గుణమున్న జంతువు పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోతకు, బాణసంచా వెలుగులకు చలించకుండా పెళ్లికొడుకును మోస్తోందంటే ఆలోచించవలసిందే. అది తన సహజ స్వభావాన్ని అదుపులో పెట్టుకుని మనిషిని నమ్ముతోందన్నమాట. విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రం చేసేదీ ఆ పనే. కేకలు పెట్టే పిల్లలు, ఎగసే అలలు, ఎగిరే గాలిపటాల మధ్య అది అడుగు తడబడదు. ఆ పని కంటికి కనిపించదు కనుకనే దానికి విలువ కట్టడం మరచిపోతాం.

తేడా ఎందుకు?

గుర్రం గుణాన్ని జాతి, పెంపకం, శిక్షణ, వయసు కలిసి నిర్ణయిస్తాయి. హైదరాబాద్ మలక్‌పేట మైదానంలో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాలను తరతరాలుగా వేగం కోసమే పెంచారు. వాటికి చిన్న సైగ చాలు. పందేల నుంచి తప్పించిన తరువాత సవారీకి అమ్మితే, కొత్త రౌతు తెలియక కాళ్లు బిగించగానే దౌడు తీసే ప్రమాదం ఉంది. తాను నేర్చుకున్న పాఠాన్నే అది అప్పజెబుతుంది తప్ప ఎదురు తిరగడం లేదు. కొండ బాటల్లో బరువులు మోసే పొట్టి గుర్రాల పని వేరు. వాటికి కావలసింది వేగం కాదు, నిలకడైన అడుగు.

మేత కూడా ముఖ్యమే. ఉలవలు, దాణా దండిగా పెట్టి పని చెప్పకుండా కొట్టంలో కట్టేస్తే ఎంతటి సాధు గుర్రమైనా బయటకు రాగానే ఉరకలు వేస్తుంది. పనికి తగ్గ మేత, మేతకు తగ్గ పని ఉంటే సగం పొగరు తగ్గుతుంది.

మొండితనమా.. నొప్పా?

కళ్లెం వేయగానే తల విదిలించే గుర్రాన్ని కొరడాతో దండించడం చాలాచోట్ల కనిపిస్తుంది. అసలు కారణం దాని నోట్లో ఉండవచ్చు. గుర్రం దవడ పళ్లు వయసుతో పాటు పైకి వస్తూనే ఉంటాయి. అవి సమంగా అరగకపోతే అంచులు పదునెక్కి బుగ్గలను, నాలుకను గాయపరుస్తాయి. అక్కడ ఇనుప కళ్లెం కదిలితే నొప్పి భరించలేక తల విసురుతుంది. పశువైద్యులు ఆ అంచులను ఆకురాయితో అరగదీస్తే చాలా గుర్రాల ‘మొండితనం’ మాయమవుతుంది. జీను సరిగా కుదరక వీపు పుండ్లు పడినా, లాడం వదులైనా, గిట్టలో రాయి చిక్కుకున్నా ఇదే తీరు.

బరువు మరో కారణం. రౌతు, జీను కలిపి గుర్రం శరీర బరువులో 20 శాతం మించరాదన్నది సాధారణంగా పాటించే కొలత. 250 కిలోల పొట్టి గుర్రానికి అది 50 కిలోలే అవుతుంది. అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుర్రాలపై జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు 25 శాతానికి, 30 శాతానికి పెరిగినప్పుడు కండరాల నొప్పి, బిగుతు ఎక్కువైనట్లు తేలింది. ఎత్తు ఎక్కేటప్పుడు మధ్యలో మొరాయించే గుర్రం చెబుతున్నది ఇదే కావచ్చు.

సాధుత్వంలోనూ తేడాను గమనించాలి. చెవులు కదుపుతూ, పరిసరాలను చూస్తూ, పిలిస్తే మెడ తిప్పే గుర్రం నిజమైన సాధువు. కళ్లు మసకబారి, తల వేలాడేసి, ఈగ వాలినా తోక విసరకుండా నిలబడేది సాధువు కాదు. అది జబ్బుపడి అయినా ఉండాలి, దెబ్బలకు అలసిపోయి అయినా ఉండాలి. అలాంటి మౌనాన్ని మంచితనంగా భావించి మరింత బరువు వేయడం అన్యాయం.

గుండెదడ గుర్రానికీ తెలుస్తుంది

‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న మన సామెతకు శాస్త్రం కూడా సాక్ష్యమిస్తోంది. స్వీడన్‌లో జరిపి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరిని గుర్రాలపై సవారీ చేస్తూ, మరికొందరిని గుర్రాలను నడిపిస్తూ ఒకే దారిలో పలుమార్లు వెళ్లమన్నారు. చివరిసారి దారిలో హఠాత్తుగా గొడుగు తెరుస్తామని మనుషులకు మాత్రమే చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగంతోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. రౌతు శరీరం బిగుసుకుంటే దగ్గరలో ఆపద ఉందని గుర్రం అర్థం చేసుకుంటుందన్నమాట. సాధు గుర్రం ఆ బెదురును కొంత ఓర్చుకుంటుంది. చురుకైన గుర్రం వెంటనే తిప్పికొడుతుంది.

‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుంది’ అన్న సామెతా ఉంది. దీనిని కొరడాకు సమర్థనగా తీసుకోరాదు. మెత్తదనం అంటే ఇక్కడ దయ కాదు, నిలకడ లేకపోవడం. ఒకసారి ఆగమని, మరోసారి అదే సైగకు కదలమని చెప్పే రౌతును ఏ గుర్రమూ లెక్కచేయదు. చేతిలో పగ్గం తేలికగా ఉండాలి, చెప్పే మాట స్థిరంగా ఉండాలి.

నీడకు బెదిరిన బుసెఫలస్

మొండి గుర్రం కథల్లో లోకప్రసిద్ధమైనది అలెగ్జాండర్ గుర్రం బుసెఫలస్‌ది. గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాసిన దాని ప్రకారం ఎవరినీ దగ్గరకు రానివ్వని ఆ గుర్రాన్ని రాజు ఫిలిప్ తిప్పి పంపేయమన్నాడు. బాలుడైన అలెగ్జాండర్ మాత్రం అది తన నీడను చూసి బెదురుతున్నదని గమనించాడు. ముఖాన్ని సూర్యుడివైపు తిప్పి, నెమ్మదిగా నిమిరి, ఆ తరువాతే ఎక్కాడు. అక్కడ గెలిచింది బలం కాదు, పరిశీలన. క్రీస్తుపూర్వం 326లో మన జీలం నదీతీర యుద్ధం వరకు ఆ గుర్రం అతనికి తోడుగా నిలిచింది.

దాదాపు 2,400 ఏళ్ల క్రితం గుర్రపు స్వారీపై గ్రంథం రాసిన జెనోఫన్ కూడా కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి వెళ్లవద్దని హెచ్చరించాడు. మన భారతంలో విరాటుని కొలువులో దామగ్రంథి పేరుతో అశ్వశాలను చూసుకున్నది నకులుడు. తన చేతిలో పడిన గుర్రాలు దుష్టబుద్ధి చూపవన్నది ఆయన ధీమా. గుర్రం దుష్టత్వం చాలావరకు చూసుకునే చేతిని బట్టి ఉంటుందన్న అవగాహన ఆనాడే ఉందన్నమాట.

ఎవరికి ఏది?

కొత్తగా నేర్చుకునేవారికి, పిల్లలకు, వృద్ధులకు వయసు మళ్లిన సాధు గుర్రమే గురువు. జీనుపై కూర్చోవడం కుదరక అటూఇటూ ఒరిగినా అది ఓపిక పడుతుంది. ఆ ఓపిక నీడలోనే రౌతుకు నడుము నిలుస్తుంది, భయం పోతుంది. అనుభవం వచ్చిన తరువాత చురుకైన గుర్రం మరో పాఠం చెబుతుంది. చేయి ఎక్కడ బరువైందో, కాలు ఎప్పుడు తొందరపడిందో అది ఆ క్షణానే తప్పు చూపుతుంది. సాధు గుర్రం క్షమించి నేర్పితే, చురుకైన గుర్రం నిలదీసి నేర్పుతుంది. శిక్షణ లేని గుర్రాన్ని అనుభవం లేని రౌతుకు అప్పగించడమే ప్రమాదాలకు మూలం.

గుర్రాన్ని కొనే ముందు, ఎక్కే ముందు చూడవలసినవి:

* చెవులు ముందుకు నిలిపితే ఆసక్తి, మెడకు అదిమితే కోపం. తోకను పదేపదే విసురుతుంటే అసహనమో, నొప్పో ఉన్నట్లు.

* జీను తీయించి వీపును అరచేతితో నొక్కి చూడాలి. వీపు కిందికి కుంగినా, చర్మం వణికినా పుండో, వాపో ఉందని అనుమానించాలి.

* కొనేవాడు ఎక్కకముందు అమ్మేవాడు ఎక్కి నడిపి చూపాలి. పని చేయించి అలసిపోయాక చూపే గుర్రం గుణం నమ్మరానిది. మరో రోజు ఉదయం వెళ్లి మళ్లీ చూడాలి.

* ఇదివరకు సాధువుగా ఉన్నది హఠాత్తుగా ఎదురు తిరిగితే కొరడా తీయకుండా పశువైద్యుని పిలవాలి.

ఏళ్లతరబడి బస్తాలు మోసి, బాట తప్పకుండా ఇంటికి చేర్చిన గుర్రం ఒక పూట మొరాయిస్తే ‘పాడైపోయింది’ అని సంతలో అయినకాడికి అమ్మేసేవారున్నారు. కొనేవాడు మరో నాలుగు దెబ్బలు వేస్తాడు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. అమ్మే ముందు ఒక్కసారి దాని నోరు, వీపు, గిట్టలు చూస్తే ఆ ఇంటి బండి ఆ ఇంట్లోనే నిలిచే అవకాశం ఉంది. గుర్రానికి మాట లేదు. తల విసరడం, కాలు ఎత్తడం, అడుగు ఆపడమే దాని మాట. ఆ మాట అర్థమైనవాడినే రౌతు అనాలి.