వడ్రంగికి మూడవ చేయి

పలకకు చిత్రిక పట్టువాని రెండు చేతులును చిత్రికమీదనే యుండవలెను. అట్టియెడ పలక కదలకుండ పట్టుకొనువారెవరు? ఈ చిన్న ప్రశ్నకు లోకమందలి వడ్రంగులు వేరువేరు విధములుగ సమాధానము కనుగొనిరి.

వికారాబాదునకు ఉత్తరమున నున్న మోమిన్‌పేట్ పరిసరములు మెట్టపైరుల భూములు. కంది, జొన్న, ప్రత్తి అచ్చట పండును. ట్రాక్టరు రాకమునుపు ఇట్టి గ్రామములందు నాగలి, గొర్రు, గుంటక, బండిచక్రము అన్నియు ఊరి వడ్రంగి చేతిమీదుగనే వెలువడెడివి. అతనికి బల్ల యనునది లేదు. చెట్టునీడను నేలపై గూర్చుండి, ఒక మొద్దును ముందుంచుకొని, కొయ్యను పాదములతో అదిమిపట్టి బాడిసతో చెక్కెడివాడు. కాలి బొటనవ్రేలును దాని ప్రక్కవ్రేలును కలిసి అతనికి పట్టుకారు. దీనిని చూచి నవ్వుట తగదు. వంకర కొయ్యను క్షణమున కొకవైపు త్రిప్పుచు చెక్కవలసిన నాగలిపనికి పాదమును మించిన సాధనము దొరకదు. బిగించుట, విప్పుట అను జాప్యమే దానికి లేదు.

అయినను పాదమునకు రెండు లోపములు గలవు. సన్నని పలక అంచును సూటిగ చిత్రిక పట్టునపుడును, కుసి కోయునపుడును కొయ్య వెండ్రుకవాసి కదలినను అతుకు వదులగును. పాదము అంత నిలుకడగ పట్టలేదు. రెండవ లోపము మరింత గట్టిది. బాడిస దెబ్బ పాదమునకు నాలుగైదు వ్రేళ్ల దూరమున పడుచుండును. ముప్పదియేండ్లు పనిచేసిన వానికి అది చాలినంత దూరమే. పదమూడేండ్ల బాలునకు కాదు.

1937వ సంవత్సరమున వార్ధాలో గాంధీజీ అధ్యక్షతను జరిగిన విద్యాసభ, చేతిపనిద్వారా చదువు నేర్పవలెనని తీర్మానించెను. దానికి పాఠ్యప్రణాళికను సిద్ధపరచిన సంఘమునకు హైదరాబాదులో జన్మించిన డాక్టరు జాకీర్ హుసేను అధ్యక్షుడు. వడికి నేయుటతోపాటు వడ్రంగమును గూడ ఆ సంఘము పాఠశాలకు తగిన వృత్తిగ నెంచినది. బాలురు వడ్రంగము నేర్వవలెనన్న వారి పాదములను పనినుండి తప్పింపవలెను గదా! అందుకు బల్లయు, బల్లకు వైసును కావలెను. వైసనగా రెండు దవడల నడుమ కొయ్యను బిగించి పట్టు సాధనము. ఇనుప వైసు అంగడిలో దొరకును గాని దాని వెల హెచ్చు. కొయ్యతోనే దానిని చేసికొనవచ్చునని చాలమంది యెరుగరు.

ఇది క్రొత్త సంగతి కాదు. జర్మనీలోని నూరెంబర్గు నగరమున 1505లో చిత్రింపబడిన ఒక వ్రాతప్రతిలో కొయ్య వైసు గల వడ్రంగిబల్ల బొమ్మ కానవచ్చుచున్నది. ఫ్రాన్సు దేశపు వడ్రంగి ఆంద్రె రూబో 1769 మొదలు ప్రకటించిన తన గొప్ప గ్రంథమున బల్లలను, వైసులను కొలతలతో వివరించెను. మన దేశపు వడ్రంగులకును కొయ్యపై మర చెక్కుట తెలియని విద్య కాదు. ప్రత్తినుండి గింజలను వేరుచేయు చేతి చరఖీలో రెండు కొయ్య రోలర్ల చివరలను మరచుట్లు చెక్కి, ఒకటి తిరిగినచో రెండవది దానంతట తిరుగునట్లు అమర్చెడివారు. అంత నేర్పు గలవారు వైసును చేసికొనకుండుటకు కారణ మొక్కటే: నేలపై గూర్చున్నవానికి దాని అవసరము కలుగలేదు.

వైసుయొక్క బలమంతయు మరలో నున్నది. మర యనగా కమ్మికి చుట్టిన వాలుతలము. విద్యార్థులు కాగితమును లంబకోణ త్రిభుజముగ కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూచినచో, త్రిభుజపు వాలు అంచు మరచుట్టువలె మెలికలు తిరుగుట కనబడును. కొండపైకి నిట్టనిలువుగ ఎక్కుటకంటె చుట్టుదారిని ఎక్కుట సులభమైనట్లే, మర కూడ దూరమును పెంచి శ్రమను తగ్గించును. వైసు మరకు ఒక చుట్టునకు 12 మిల్లీమీటర్ల ముందడుగు గలదనుకొందము. పిడిని మర నడిమినుండి 20 సెంటీమీటర్ల దూరమున పట్టి త్రిప్పినచో, చేయి ఒక్క చుట్టునకు సుమారు 125 సెంటీమీటర్లు ప్రయాణము చేయును; దవడ 12 మిల్లీమీటర్లు మాత్రమే కదలును. లెక్కప్రకారము బలము నూరింతలు కావలెను. కొయ్యపై కొయ్య రాపిడివలన అందులో అధికభాగము పోవును. ఐదవవంతే మిగిలినదనుకొన్నను ఇరువదింతలు! పైగా ఈ రాపిడి శత్రువు కాదు. చేయి తీసివేసిన పిదప మర తనంతట వెనుకకు తిరుగకుండ నిలుపునది అదియే. రాపిడి లేని మర కొయ్యను క్షణమైనను పట్టియుంచదు.

పాఠశాలలో చేయదగినది కాలివైసు. బల్ల ముందుకాలే దానికి లోపలి దవడ. బల్ల ఎత్తు 85 సెంటీమీటర్లయినచో, 80 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 5 మందము గల పలకను వెలుపలి దవడగ నిలువున అమర్చవలెను. దాని పైయంచు బల్లతో సమముగ నుండవలెను. పైయంచునకు 25 సెంటీమీటర్ల క్రింద మర దూరును. మర బల్లకాలిని దాటి, కాలివెనుక బిగించిన నట్టులోనికి పోవును.

మర ఒక్కటే యున్నచో ఏమగును? పైభాగమున కొయ్యముక్క అడ్డుగ నుండును, క్రిందిభాగమున ఏదియు నుండదు. బిగించినకొలది దవడ అడుగు లోపలికి జారి, పైన నోరు తెరచుకొనును. కొయ్య ఒక అంచున మాత్రమే నొక్కబడి, చిత్రిక తగులగనే జారిపోవును. ఇంటిలో చేసికొన్న వైసులలో పెక్కు చెడిపోవునది ఈ తావుననే. మర మంచిదికాదని నింద మాత్రము మరపై పడును.

దీనికి విరుగుడు సులభము. దవడ అడుగున ఒక సన్నని పట్టెను కుసితో దిగగొట్టవలెను. ఆ పట్టె బల్లకాలిలోని బెజ్జములో ముందు వెనుకలకు జరుగుచుండును. పట్టె పొడవునను రెండేసి సెంటీమీటర్ల కొక రంధ్రము చేసి, తగిన రంధ్రములో ఒక చీలను గ్రుచ్చినచో, చీల బల్లకాలికి తగిలి దవడ అడుగును అచ్చటనే నిలుపును. బిగింపవలసిన కొయ్య 5 సెంటీమీటర్ల మందమైనచో అడుగున కూడ అంతే ఎడము, లేదా రవ్వంత ఎక్కువ ఎడము ఉండవలెను. అప్పుడు దవడల పైఅంచులు ముందుగ కొయ్యను కరచును. చీలకు 75 సెంటీమీటర్ల పైన కొయ్య, 50 సెంటీమీటర్ల పైన మర యున్నవి గనుక, తులాదండ న్యాయమునుబట్టి మర బలములో మూడింట రెండు వంతులు కొయ్యకు చేరును. తక్కిన వంతు చీల మోయును.

ఇక మరను చెక్కుట. ఇది ఓర్పుతో కూడిన పని. ఎండిన, సూటిచారల, గట్టి కొయ్య కావలెను. టేకు అందమైనదే గాని మరచుట్ల అంచులు సులభముగ విరుగును; జిట్టేగి గాని, వంకర లేని నల్లతుమ్మ గాని మేలు. కొయ్యను 5 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని కడ్డీగ చేసి, 15.7 సెంటీమీటర్ల భూమియు 1.2 సెంటీమీటర్ల ఎత్తును గల కాగితపు త్రిభుజమును దానికి చుట్టినచో ఒక చుట్టు గీత దొరకును. అట్లే వరుసగ గీతలు గీచికొని, సన్నని రంపముతో గీతవెంట 6 మిల్లీమీటర్ల లోతు కోసి, ఉలితో రెండువైపుల వాలుగ చెక్కవలెను.

నట్టు లోపలి మరను ఉలితో చెక్కుట సాధ్యముకాదు. దానికొక యుక్తి గలదు. అలెగ్జాండ్రియా నగరపు హీరో అను యంత్రశాస్త్రజ్ఞుడు క్రీస్తుశకము ఒకటవ శతాబ్దిలోనే నట్టులో మర కోయు సాధనమును వర్ణించెను. ఇప్పుడు చెప్పబోవునదియు ఆ జాతిదే. గట్టి దిమ్మలో 38 మిల్లీమీటర్ల బెజ్జము చేయవలెను. అందులో జరుగునంత కడ్డీని తీసికొని, దానిపై పూర్వమువలెనే 1.2 సెంటీమీటర్ల ముందడుగుతో రంపపు గాడి చుట్టవలెను. కడ్డీ సన్నము గనుక త్రిభుజపు భూమి 12 సెంటీమీటర్లకు కొంచెము తగ్గును. ఎత్తు మాత్రము మారరాదు. దిమ్మకు ఎదురుగ మరియొక చెక్కను బిగించి, దానికి తాపిన ఇనుపరేకు అంచు ఆ గాడిలో దూరునట్లు చేయవలెను. అప్పుడు కడ్డీని త్రిప్పిన ప్రతిసారియు రేకు దానిని సరిగ 12 మిల్లీమీటర్లు ముందునకు నడుపును. కడ్డీకి అమర్చిన చిన్న ఉక్కుపన్ను దిమ్మ లోపలిగోడను గీచుచు పోవును. ఒకసారి పోయివచ్చిన పిదప పన్నుక్రింద కాగితపుముక్క నుంచి మరల త్రిప్పవలెను. తొందరపడి ఎక్కువ లోతు కోయబోయినవాడు దిమ్మను పగులగొట్టుకొనును.

ఇంత పనికి సమయము లేనివారికి చీలవైసు గలదు. బల్లపై ఒక పట్టెను సూటిగను, దాని కెదురుగ మరియొక పట్టెను కొంచెము వాలుగను బిగించి, కొయ్యను సూటిపట్టెకు ఆనించి, మిగిలిన సందులో వాలుచీలను కొయ్యసుత్తితో దిగగొట్టుటయే. ఎనిమిది సెంటీమీటర్ల పొడవునకు ఒక సెంటీమీటరు వాలు చాలును. వాలు మరీ ఎక్కువైనచో రాపిడి పట్టజాలక చీల ఎగిరిపడును. చిత్రిక తోయు దిక్కుననే సందు ఇరుకగుచు పోవలెను. అప్పుడు ప్రతి తోపుతోను పట్టు మరింత బిగియును.

ఏ వైసుకైనను దవడల ముఖములు చదునుగ నుండవలెను. చదునును పరీక్షించుటకు ఈ ప్రాంతమున ఒక సౌకర్యము గలదు. నునుపు చేసిన తాండూరు బండపై జాజుపొడిని పలుచగ రాచి, దవడముఖమును దానిపై మెల్లగ రుద్దినచో, ఎత్తుగ నున్న తావులకు మాత్రము ఎరుపు అంటును. వాటిని చిత్రికతో తీసివేయుచు, ముఖమంతయు ఎరుపు సమముగ అంటువరకు ఈ పని సాగింపవలెను. పిదప దవడలకు తోలుముక్కలను అంటించినచో పట్టిన కొయ్యపై నొక్కులు పడవు. మరకు మైనము రాయవలెను. వానకాలమున కొయ్య ఉబ్బి మర బిగిసికొనినచో సుత్తితో కొట్టరాదు. నాలుగుదినములు నీడను ఆరనిచ్చి, మరల మైనము రాచినచో చాలును.