వెళ్ళిపోయేముందు ఒక్కమాట అడిగామా?

విజయవాడలో మాకో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మేమిద్దరం కాక ఆరుగురు పనిచేస్తారు. వారిలో ఒకాయన తొమ్మిదేళ్ళపాటు మా దగ్గర డీటీపీ పని చూశాడు. పెళ్ళిళ్ళ సీజనులో తెల్లవారేదాకా కూర్చుని పని ముగించిన రోజులు ఎన్నో. ఒకనాడు ఆయన షాపు తాళంచెవి బల్లమీద పెట్టి, "ఒకటో తారీఖు నుంచి రానండి" అన్నాడు.

మాకు మొదట తోచింది జీతమే. "అక్కడ ఎంత ఎక్కువిస్తామన్నారు?" అని అడిగాం. "పెద్ద తేడా ఏం లేదండి" అని తల వంచుకున్నాడు.

వారం తర్వాత మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. టీ తాగాక మెల్లగా చెప్పాడు. "ఆ శుభలేఖల సంగతి గుర్తుందా అమ్మగారూ?"

గుర్తుకొచ్చింది. ఐదువందల కార్డులు అచ్చయ్యాక చూస్తే తేదీకీ వారానికీ పొంతన లేదు. పెళ్ళివారి ముందే "నీకు కళ్ళు కనబడటంలేదా?" అని ఆయన్ని కేకలేశాం. తీరా చూస్తే తప్పు వారు రాసిచ్చిన కాగితంలోనే ఉంది. ప్రూఫు చూసి సరే అన్నది మేమే. కార్డులు మళ్ళీ అచ్చువేసి ఇచ్చాం. నష్టం మేమే భరించాం. దాంతో ఆ సంగతి ముగిసిందనుకున్నాం.

"తప్పు నాది కాదని మీకు తెలిసింది కదండీ. వాళ్ళ ముందు చెప్పకపోయినా, నాతోనైనా ఒక్కమాట అనలేదు" అన్నాడాయన.

ఆయన తాళంచెవి ఇచ్చింది ఆ నెలలోనే అయినా, మనసులో మా ప్రెస్సును వదిలింది శుభలేఖలనాడే!

వినడమూ పనిలో భాగమే

అమెరికాలో షికాగో నగరం దగ్గర హాథార్న్ అనేచోట వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1924లో అక్కడ దీపాల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని పరీక్షలు మొదలుపెట్టారు. వెలుతురుకూ పనికీ సూటి సంబంధమేదీ తేలలేదు. 1928 నుంచి కార్మికులతోనే మాట్లాడటం మొదలుపెట్టి, రెండు మూడేళ్ళలో 20 వేల మందికి పైగా చెప్పింది విన్నారు. మొదట్లో తయారుచేసుకున్న ప్రశ్నలే అడిగేవారు. కార్మికులు వాటిని వదిలి తమ మనసులో ఉన్నదే చెప్పబోయేవారు. చివరికి ప్రశ్నలు పక్కనబెట్టి, వారు చెప్పదలచుకున్నదే వినసాగారు. ఆ పరిశోధనల్లో కొన్ని ముగింపులపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. కాని పనివాడి మనసును కూడా లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన అక్కడినుంచి ఎంతో బలపడింది.

మన దేశంలో చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం తరఫువారూ కార్మికుల తరఫువారూ సమాన సంఖ్యలో ఉండాలి. మా ప్రెస్సులో ఉన్నది ఆరుగురే కనుక మాకు కమిటీ అక్కరలేదు. చెవులు మాత్రం అక్కరే!

జీతం ముఖ్యం కాదా?

ముమ్మాటికీ ముఖ్యమే. జీతం సమయానికి ఇవ్వకుండా మంచిమాటలు చెబితే ఎవరికి ఆనుతాయి? కూలివాని కూలి ఆ పొద్దు గుంకకముందే చేతిలో పెట్టాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఏనాడో ఆదేశించింది. నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలని వేతనాల కోడ్ అంటోంది. ఉద్యోగి రాజీనామా చేసినా, మనమే తీసేసినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. "వెళ్ళిపోయేవాడే కదా, తర్వాత చూద్దాం" అనడానికి వీల్లేదు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన కూడా కొత్త కార్మిక చట్టాల్లో ఉంది. పని ఏమిటో, జీతమెంతో, సెలవులెన్నో కాగితం మీద ఉంటే సగం తగాదాలు పుట్టనే పుట్టవు.

మేము నేర్చుకున్నవి

తప్పు కనబడితే ముందు కారణం వెతుకుతున్నాం, మనిషిని కాదు. మందలించవలసి వస్తే పక్కకు పిలిచి మాట్లాడుతున్నాం. మెచ్చుకోవలసి వస్తే నలుగురిలోనే మెచ్చుకుంటున్నాం. తప్పు మాదైతే, ఎవరి ముందు కోప్పడ్డామో వారి ముందే ఒప్పుకుంటున్నాం. ఇది కష్టమే. మొదటిసారి నోరు పెగలలేదు. అయితే మేము భయపడినట్టు మా మాటకు విలువ తగ్గలేదు.

రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేయడం మానేశాం. నెలకొకసారి ఒక్కొక్కరితో విడిగా పావుగంట కూర్చుంటున్నాం. "పనిలో నీకు అడ్డం ఏమిటి?" అన్నదే మా ప్రశ్న. ఒకరు కుర్చీ నడుం నొప్పి తెస్తోందన్నారు. బైండింగ్ పనిచేసే అమ్మాయి, బిడ్డను స్కూలులో దింపి వచ్చేసరికి పావుగంట ఆలస్యమవుతోందనీ, సాయంత్రం ఆ పావుగంట ఉంటాననీ చెప్పింది. ఇన్నాళ్ళూ ఆమెను బద్ధకస్తురాలని అనుకున్నాం. అడిగింది లేదు కదా!

ఉద్యోగుల బాధ్యత లేదని కాదు. ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, చేసిన తప్పు దాచేవారూ ఉంటారు. అలాంటివారికి స్పష్టంగా చెప్పి, గడువిచ్చి, మారకపోతే నిర్ణయం తీసుకోక తప్పదు. కాని ఆ స్పష్టత ఇవ్వకుండానే శిక్షించడం న్యాయం కాదు.

మా పాత డీటీపీ ఆయన తిరిగి రాలేదు. రమ్మని అడిగాం. "అక్కడ మాటిచ్చానండి" అన్నాడు. మాట నిలబెట్టుకునే మనిషినే పోగొట్టుకున్నాం మరి! ఆ రోజు వాళ్ళింట్లో, ఆయన భార్యాపిల్లల ముందే, "తప్పు మాదే" అని చెప్పి వచ్చాం. అది శుభలేఖలనాడే చెప్పవలసిన మాట.

మీ దుకాణంలోనో, స్కూల్లోనో, ఆఫీసులోనో, చివరికి ఇంట్లోనో మీ కింద పనిచేసేవారు ఒక్కరైనా ఉంటారు. ఈ వారంలో ఒక పావుగంట వారితో కూర్చోండి. తాళంచెవి బల్లమీదికి రాకముందే అడగండి.