ఐదున్నర అంగుళాల చుట్టరికం

హిమాయత్‌నగర్‌లో వీధులకు పేర్లకన్నా నంబర్లే ఎక్కువ. నంబరు మరిచిపోయి వచ్చిన చుట్టం లిబర్టీ నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా రెండు చక్కర్లు కొట్టి, చివరికి ఫోన్ చేస్తాడు. బండి చక్రం సంగతీ అంతే. ఎంత ముచ్చటగా ఉన్నా, అంకెలు కలవకపోతే హబ్బు మీదికి ఎక్కదు. ఎక్కినా నిలవదు.

మా వీధిలో శానిటరీ సామాన్ల కొట్టు నడిపే మిత్రుడు ఈమధ్య ఊరెళ్లి ఐదు పాత ఇనుప చక్రాలు వేసుకొచ్చాడు. వాళ్ల తాతగారి జీపువి. జీపు ఎప్పుడో తుక్కుకి పోయింది, చక్రాలు మాత్రం పశువుల కొట్టంలో మిగిలాయి. వాటిని తన పికప్‌కి ఎక్కించాలని మనవడి సరదా. రంగేయిస్తే చాలనుకున్నాడు. మాకు తెలిసిన మెకానిక్ మాత్రం చక్రాన్ని ఒకసారి దొర్లించి చూసి, "రంగు సంగతి తర్వాత సూద్దాం సార్, ముందుగాల బొక్కలు కొలువుండ్రి" అన్నాడు.

బోల్టు రంధ్రాల నడిమధ్యగా ఒక వలయం గీస్తే, దాని వ్యాసమే పీసీడీ. నాలుగో ఆరో రంధ్రాలుంటే ఎదురెదురు వాటిని కొలిస్తే చాలు. ఐదు రంధ్రాల చక్రంలో దేనికీ సరిగ్గా ఎదురుగా ఇంకోటి ఉండదు. అందుకని ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్క రంధ్రం ఎడమ అంచు దాకా కొలిచి, 1.7తో హెచ్చవేయాలి. మాకు 82 మిల్లీమీటర్లు వచ్చింది. హెచ్చవేస్తే 139 దాటింది. అంటే 139.7 అన్నమాట, పాత లెక్కలో ఐదున్నర అంగుళాలు. పికప్ హబ్బుదీ అదే కొలత. మావాడి మొహం వెలిగిపోయింది.

ఈ ఐదున్నర అంగుళాల చుట్టరికం చాలా దూరం వెళ్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుది ఇదే కొలత. అమెరికాలో ఫోర్డ్ పికప్‌లు 1990ల నడుమ దాకా దీన్నే వాడాయి. మన మారుతి జిప్సీకి, బొలెరోకి కూడా ఇదే. 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టిన మహీంద్రాకి ఇది వారసత్వంగా వచ్చింది. అన్నట్టు, 1945లో ఆ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్, అంటే గులాం మొహమ్మద్, అంతకుముందు మన నిజాం కొలువులో ఆర్థిక మంత్రి. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి గవర్నర్ జనరల్ అయ్యాడు.

రంధ్రాలు కలిశాక చూడాల్సింది ఆఫ్‌సెట్. చక్రం హబ్బుకి ఆనే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎంత లోపలికో, ఎంత బయటికో ఉందన్న లెక్క అది. నీళ్ల బిందె నడుం మీద పెట్టుకుంటే మైలు నడవొచ్చు. అదే బిందెని చెయ్యి చాచి పట్టుకుంటే పది అడుగులకే భుజం పడిపోతుంది. చక్రం బయటికి జరిగితే బేరింగు పడే అవస్థ అచ్చం అలాంటిదే. ఇక ముందు చక్రాలకు డిస్కు బ్రేకులుంటే పాత రిమ్ము క్యాలిపర్‌కి రాసుకోవచ్చు. చపాతీ పిండి ముద్ద క్యాలిపర్ మీద అంటించి, చక్రం ఎక్కించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ విప్పి చూడండి. ఎంత సందు మిగిలిందో పిండే చెబుతుంది.

తుప్పు వదిలించే పని నాకు అన్నిటికన్నా నచ్చింది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి చాకలి సోడా కలిపాం. చక్రాన్ని బ్యాటరీ చార్జరు మైనస్‌కి, ఒక పనికిరాని ఇనుప రేకుని ప్లస్‌కి కలిపి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచాం. కాసేపటికి రిమ్ము చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. అవి హైడ్రోజన్. నిప్పు తగిలితే అంటుకుంటుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. రేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె పెట్టకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. సోడా బదులు ఉప్పూ వేయకూడదు, క్లోరిన్ వస్తుంది. మర్నాటికి నీళ్లు ఎర్రమట్టి చెరువులా తయారయ్యాయి. బ్రష్షు పెట్టి రుద్దితే నల్లటి ఇనుము బయటపడింది.

రంగుకి ముందు ఇంకో పరీక్ష. చక్రానికి కిరోసిన్ బాగా పట్టించి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే అందులో దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకొచ్చి సుద్దమీద తడి గీత గీస్తుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఒకప్పుడు ఇరుసుల్నీ ఈ పద్ధతిలోనే చూసేవారు. మా ఐదో చక్రంలో రెండు బోల్టు రంధ్రాల నడుమ వెంట్రుకంత గీత తేలింది. వెల్డింగ్ పెట్టిద్దామన్నాడు మావాడు. మెకానిక్ దాన్ని పక్కకి నెట్టేశాడు.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. జీపుని సైన్యం పావు టన్ను బండి అని పిలిచేది. మావాడి పికప్ టన్నుకి పైనే మోస్తుంది. రంధ్రాలు కలిసినంత మాత్రాన చక్రానికి ఆ మోత చాతనవుతుందా? నాలుగున్నర అంగుళాల ఆ సన్నటి రిమ్ముకి పికప్‌కి ఇప్పుడున్న 215 వెడల్పు టైరు పట్టదు. పట్టేది పాత 6.00-16 సైజు, ట్యూబుతో. టైల్సు, కమోడ్లు నింపి ఆ చక్రాల మీద నడిపితే, అది ప్రాణాలతో పందెం కాయడమే. చట్టం కూడా ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన కొలతలకు, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019లో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండికే గానీ, దాని చక్రాలు తొడుక్కున్న కొత్త బండికి కాదు.

మావాడు రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే ఒప్పందానికొచ్చాడు: ఖాళీ బండికి, దసరా ఒక్కరోజుకి, మన చుట్టుపక్కల పేటలు దాటకుండా. దాంతో నాలుగు చక్రాలకీ రెడ్ ఆక్సైడ్ మీద ముదురాకుపచ్చ రంగు పడింది. నట్టు కూర్చునే పల్లాల్లో మాత్రం రంగు తగలకుండా మైనం అద్దాం. నట్టు కింద రంగు పొర ఉంటే అది నలిగి, బిగువు సడలుతుంది. వీల్ పానాతో నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించాం.

పండగ రోజు నాలుగు నిమ్మకాయలు నలిపి, చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా వెళ్లాం. అక్కడి బస్ భవన్ ఆవరణలో 1932 నాటి ఆల్బియన్ బస్సుంది. నిజాం రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనప్పటిది. దాని చక్రాల్ని మావాడు గేటు బయటి నుంచే మెడ చాచి చూశాడు. ఇంటికొచ్చాక మెకానిక్ చెప్పినట్టు నట్లన్నీ మళ్లీ పట్టి చూశాం. ఇరవైలో పందొమ్మిది కదల్లేదు. వెనక ఎడమ చక్రానిది ఒక్కటి పావు చుట్టు తిరిగింది. విప్పి చూస్తే, పల్లంలో గోరంత ఆకుపచ్చ రంగు. మైనం అక్కడ అద్దింది నేనే.